రాచకొండ గుట్టల్లో చేతి కంపాస్‌తో నడక: నా అనుభవం

రాచకొండలో ఎటు చూసినా ఒకేలాంటి బండలు, ఒకేలాంటి సీతాఫలం పొదలు. కోట గోడ కనబడుతున్నంతసేపు దారి గురించి ఆలోచనే రాదు. అది బండల వెనక్కి పోయాక పది నిమిషాలు నడిస్తే చాలు, ఎటు నుంచి వచ్చామో చెప్పడం కష్టం. ఫోన్లో మ్యాప్ ఉంటుంది, కాదనను. కానీ మిట్ట మధ్యాహ్నం ఎండలో తెర కనబడదు, ఛార్జింగ్ అయిపోతుంది. అందుకే నేను ఫోను సంచిలో పెట్టి, మెడలో కంపాస్, చేతిలో కాయితం మ్యాప్‌తో నడుస్తాను. ముందు రోజు రాత్రి పరీక్ష దగ్గర్నుంచి ఇంటికొచ్చి తుడిచి దాచేదాకా నేను చేసేది ఇది.

నేను వాడేది బేస్‌ప్లేట్ రకం. అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పలక, దాని మీద మనం వెళ్లే వైపు చూపే బాణం ఉంటాయి. పలక మీద 0 నుంచి 360 దాకా అంకెలున్న డయల్ తిరుగుతుంది. రెండు డిగ్రీలకో గీత. డయల్ మధ్యలో నూనెలాంటి ద్రవం నిండిన గుండ్రటి డబ్బీ, అందులో ముల్లు. డబ్బీ అడుగున సమాంతర గీతలు, వాటి నడుమ ఖాళీగా ఉన్న బాణం గుర్తు. ఆ ఖాళీ బాణాన్ని నేను గూడు అంటాను. ముల్లు ఎర్ర కొన ఆ గూట్లో పడితే కంపాస్ సరిగ్గా పెట్టినట్టు. 1930లలో స్వీడన్‌లో సిల్వా సంస్థ ఈ రూపాన్ని బజారులోకి తెచ్చింది. కోణమానిని, దిక్సూచి ఒకే పలక మీద ఉండటమే ఇందులో గొప్ప.

సివిల్ డిప్లొమా చదివినవాళ్లకు, ఎన్.సి.సి. చేసినవాళ్లకు ప్రిస్మాటిక్ కంపాస్, అంటే పట్టకంలోంచి చూసి కోణం చదివే రకం, తెలుసు. దాంతో అర డిగ్రీ దాకా చదవొచ్చు. గుండె దగ్గర పట్టుకున్న బేస్‌ప్లేట్‌తో మూడు నుంచి ఐదు డిగ్రీల తేడా మామూలే. అయినా నడకకు నేను బేస్‌ప్లేటే తీసుకుంటాను. ప్రిస్మాటిక్‌తో ప్రతిసారీ కోణం రాసుకోవాలి, కూడాలి, తీయాలి, ప్రొట్రాక్టర్ పెట్టి గీయాలి. చెమట కారుతున్నప్పుడు తప్పు పడేది అక్కడే. ఇక మిలిటరీ రంగు పూసి, మూత పెట్టి చవగ్గా అమ్మే రేకు కంపాస్‌లు చూడ్డానికే బాగుంటాయి. అందులో తిరిగే పళ్లెం ఇరుసు మీద ఇరుక్కుంటుంది, మ్యాప్ మీద గీత గీయడానికి అంచూ ఉండదు.

కొనేటప్పుడు రెండు సంగతులు చూస్తాను. పలక అంచున స్కేలు 1:50,000, 1:25,000 అని ఉండాలి. అమెరికాలో అమ్మేవాటి మీద తరచుగా 1:24,000 ఉంటుంది, మన సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులకు అది పనికిరాదు. రెండోది ముల్లు తూకం. భూమి అయస్కాంత బలరేఖలు ఉత్తరానికి పోయేకొద్దీ నిటారుగా నేలలోకి దిగుతాయి. స్కూలు పుస్తకాల్లో అవపాతం అని చదివింది ఇదే. అమెరికాలో ముల్లు ఎర్ర కొన బాగా కిందికి లాగుతుంది కాబట్టి అక్కడికి చేసిన ముల్లుకు దక్షిణపు కొన వైపు బరువు పెడతారు. మన దగ్గర ఆ లాగుడు చాలా తక్కువ. అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం కొస మీదుగానే పోతుంది. దాంతో అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన కంపాస్ ఇక్కడ ఎర్ర కొన పైకెత్తి, తెల్ల కొన కిందికి వాల్చి డబ్బీకి రాసుకుంటుంది. కంపాస్ చెడిపోలేదు, ఈ ఊరిది కాదంతే. ఎక్కడైనా పనిచేసే గ్లోబల్ రకం ముల్లు గానీ, మన ప్రాంతానికి తూకం వేసింది గానీ అడగాలి.

ముందు రోజు రాత్రి పరీక్షకు పది నిమిషాలు చాలు. చెక్క స్టూలు మీద కంపాస్ పెడతాను. ఇంట్లో నేల మీద పెట్టను, కింద స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి. వంటగది నల్లరాయి గట్టును కూడా నమ్మను, నల్ల రాళ్లలో అయస్కాంత గుణం ఉన్నవి ఎక్కువ. ఫ్లాటులో నేల మీద కంపాస్ పెట్టి ఈశాన్యం ఇన్ని డిగ్రీలు తప్పిందని గొడవపడేవాళ్లు అదే కంపాస్‌ను నాలుగడుగులు పక్కకు జరిపి మళ్లీ చూస్తే మంచిది. అప్పుడు అంకె మారితే తప్పిపోయింది ఈశాన్యం కాదు, కింద చువ్వ ఉందని అర్థం.

స్టీలు చెంచా దగ్గరికి తెచ్చి ముల్లును పక్కకు లాగి, చెంచా దూరంగా తీసేస్తాను. మూడు నాలుగు సెకన్లలో ముల్లు మొదట చూపిన అంకె దగ్గరే ఆగాలి. ఎడమ నుంచి మూడుసార్లు, కుడి నుంచి మూడుసార్లు చేస్తాను. ఒక్కోసారి ఒక్కోచోట, రెండు డిగ్రీల కంటే ఎక్కువ తేడాతో ఆగితే ఇరుసు అరిగినట్టు. స్టీల్ చెంచాల్లో కొన్ని అయస్కాంతానికి అంటవు. అలాంటిదైతే తాళంచెవి వాడొచ్చు. తర్వాత ఎర్ర కొన నిజంగా ఉత్తరమే చూపుతోందా అని చూస్తాను. నవ్వొచ్చే ప్రశ్నే గానీ, ముల్లు తలకిందులు కావడం అరుదేం కాదు. ఖాళీ జాగాలో నిలబడి ధ్రువ నక్షత్రం చూస్తే చాలు. రాచకొండ దగ్గర అది నేల అంచు నుంచి సుమారు 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పడితే పది డిగ్రీలు కాబట్టి, ఒకటిన్నర పిడికిలికి కాస్త పైన వెతకాలి. ఆ చుక్క నిజ ఉత్తరానికి ఒక డిగ్రీ లోపే ఉంటుంది.

నిజ ఉత్తరానికీ ముల్లు చూపే ఉత్తరానికీ మధ్య ఉన్న తేడాను దిక్పాతం అంటారు. అది ఊరిని బట్టి, ఏళ్లను బట్టి మారుతుంది. రాచకొండకు దగ్గర్లోనే, చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) వాళ్లకు భూ అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే కేంద్రం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో దిక్పాతం ఇప్పుడు ఒక డిగ్రీకి అటూ ఇటూ మాత్రమే. చేతి వణుకులో పోయేది అంతకంటే ఎక్కువ కాబట్టి ఇక్కడ నేను పట్టించుకోను. అయితే ఈ అలవాటుతోనే సియాటిల్ వెళ్లి కొండెక్కితే దెబ్బతింటారు. అక్కడ దిక్పాతం తూర్పుకు దాదాపు 15 డిగ్రీలు. న్యూజెర్సీలో పడమరకు 12, 13. పదిహేను డిగ్రీలు మరిచిపోతే కిలోమీటరు నడిచేసరికి 260 మీటర్లు పక్కకు పోతాం. అలాంటి చోట్లకు, తాడుకు కట్టి ఉండే చిన్న తాళంచెవితో గూడును తిప్పి బిగించుకునే రకం కంపాస్ కొనడం మేలు. ఒకసారి సర్దితే ఇక లెక్కలుండవు. తిరిగి ఇండియాకు వచ్చాక దాన్ని మళ్లీ సున్నాకు తిప్పడం మరవకూడదు.

మ్యాప్ సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు. పాత షీటు నంబర్ల లెక్కలో రాచకొండ 56కె లో పడుతుంది. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీయించేటప్పుడు జిరాక్స్ షాపతను పేజీకి సరిపోయేలా కుదిస్తాడు, అక్కడితో స్కేలు పోయినట్టే. అసలు సైజులోనే తీయమని చెప్పి, బయటికి రాగానే కింద ఉన్న స్కేలు మీద రూళ్లకర్ర పెట్టి చూస్తాను. కిలోమీటరు అంటే కచ్చితంగా 2 సెంటీమీటర్లు ఉండాలి. తర్వాత ఉత్తర దక్షిణాలుగా పెన్సిల్‌తో 2 సెంటీమీటర్లకో గీత మొత్తం మ్యాప్ మీద గీసుకుంటాను. ఈ గీతలు లేకపోతే డయల్‌ను ఊళ్ల పేర్లకు సమాంతరంగా అంచనాగా తిప్పాల్సి వస్తుంది, అందులోనే ఐదు డిగ్రీలు పోతాయి.

ఇక గుట్ట దగ్గర. బండి ఆపిన చోట కంపాస్ తీయను. అమెరికా సైన్యం లెక్క ప్రకారం ట్రక్కుకు 18 మీటర్లు, ముళ్లకంచెకు 10, హైటెన్షన్ తీగలకు 55 మీటర్లు దూరంగా ఉండాలి. ఒంటి మీద ఉన్నవి అంతకంటే ముఖ్యం. ఫోనుకు జానెడు దూరంలోనే ముల్లు కదలడం మొదలవుతుంది. అయస్కాంతంతో మూసుకునే ఫోను కవరైతే మూరెడు దూరం నుంచే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ డబ్బీ, పవర్ బ్యాంకు, ఇనుప కడియం, వాచీ, నడుం సంచికి ఉండే అయస్కాంతపు గుండీ, ఇవన్నీ పరీక్షించదగ్గవే. చొక్కా జేబులో ఫోను పెట్టుకుని గుండె దగ్గర కంపాస్ పట్టుకోవడం అందరూ చేసే తప్పు.

చెరువు కట్ట నుంచి అవతలి గుట్టల మధ్య కనుమకు వెళ్లాలనుకుందాం. మ్యాప్ మీద పలక పొడవాటి అంచును కట్టకూ కనుమకూ కలిపి పెడతాను. ప్రయాణ బాణం కనుమ వైపే ఉండాలి. పలక కదలకుండా ఎడమ చేత్తో నొక్కి, కుడి చేత్తో డయల్ తిప్పి, డబ్బీ అడుగు గీతలు మ్యాప్ మీద నేను గీసిన గీతలకు సమాంతరంగా వచ్చేలా, గూడు మ్యాప్ పై భాగం వైపు ఉండేలా పెడతాను. ఈ దశలో ముల్లు ఎటు తిరిగినా చూడకూడదు. కొత్తవాళ్లు ఇక్కడే ముల్లును చూసి తికమకపడి డయల్ తిప్పేస్తారు. ఇప్పుడు బాణం మొదట్లో 64 అని వచ్చింది అనుకుందాం. అంచు మీద దూరం 4 సెంటీమీటర్లు, అంటే 2 కిలోమీటర్లు. రెండూ మ్యాప్ మూలలో పెన్సిల్‌తో రాస్తాను.

మ్యాప్ మడిచి, కంపాస్‌ను గుండెకు ఎదురుగా, పలక మట్టంగా ఉండేలా పట్టుకుంటాను. వాలితే ముల్లు డబ్బీకి రాసుకుని ఎక్కడో ఆగిపోతుంది. చేతులు కాదు, కాళ్లు తిప్పాలి. ఎర్ర కొన గూట్లో పడేదాకా ఒంటితో సహా తిరిగి, తలెత్తి బాణం చూపే వైపు చూస్తాను. అక్కడ 100, 150 మీటర్ల దూరంలో గుర్తుపట్టగల వస్తువొకటి ఎంచుకుంటాను: చీలిన బండ, ఒంటరి తాటిచెట్టు, రెండు కొమ్మల వేపచెట్టు. మేకను మాత్రం ఎంచుకోకూడదు. ఇక కంపాస్ వదిలేసి ఆ బండ దాకా నాకు నచ్చిన దారిలో వెళ్తాను. అక్కడ మళ్లీ పట్టి ఇంకో గుర్తు. కంపాస్‌నే చూస్తూ నడిస్తే కాలు పొదలో పడటం ఒకటి, దిక్కు ఒకే ఉన్నా మనం పక్కకు జారిపోతూ ఉండటం ఇంకొకటి.

రెండు గుర్తులకొకసారి వెనక్కి తిరిగి చూస్తాను. డయల్ మార్చకుండా, ఈసారి తెల్ల కొన గూట్లో పడేలా నిలబడితే, బాణం నేను వదిలి వచ్చిన బండనే చూపాలి. చూపలేదంటే పక్కకు జరిగినట్టు, లేదా రెండు చోట్లలో ఒకచోట నేలలో ఏదో ముల్లును లాగుతున్నట్టు. సర్వేయర్లు లోకల్ అట్రాక్షన్ అనేది ఇదే. వాళ్లు ముందు కోణం, వెనక కోణం రెండూ తీసి తేడా 180 ఉందా అని చూస్తారు. తెల్ల కొన పద్ధతిలో కూడికలు లేకుండా అదే పని జరుగుతుంది.

తెలంగాణ గ్రానైటులో ఇది పట్టించుకోవాల్సిన విషయం. లేత రంగు గ్రానైటు మీద పెద్దగా ఇబ్బంది ఉండదు. వాటి మధ్య గోడలా సాగే నల్ల రాతి వరసలు, డోలరైట్ డైకులు, అయస్కాంత గుణం ఉన్నవి. వాటి మీద నిలబడి కోణం తీయను, ఇరవై ముప్పై అడుగులు పక్కకు వచ్చి తీస్తాను. వికారాబాద్ అనంతగిరి వైపు నల్ల బసాల్టు, బయ్యారంలో ఇనుప ఖనిజం కూడా అంతే. పిడుగు పడిన శిఖరం మీది బండ కూడా అయస్కాంతంలా మారి ఉండొచ్చు, కాబట్టి శిఖరం మీద రాతికి ఆనించి చదవను, నిలబడి ఛాతీ ఎత్తులో పట్టుకుంటాను. అనుమానం వస్తే మూడు నాలుగు అడుగులు జరిగి, దూరంగా ఉన్న ఒకే గుర్తును మళ్లీ చూడటం అన్నిటికంటే తేలిక పరీక్ష. గుర్తు కిలోమీటరు పైన ఉంటే ఆ నాలుగడుగులకు కోణం మారకూడదు.

దూరం అడుగులతో లెక్కిస్తాను. ఎడమ కాలు పడినప్పుడల్లా ఒకటి. రోడ్డు మీద యాభై మీటర్ల టేపుతో ముందే కొలుచుకుంటే, చాలామందికి 100 మీటర్లకు 60 నుంచి 70 వస్తాయి. ఎత్తు ఎక్కేటప్పుడు, పొదల్లో అదే 80, 90 దాకా పోతుంది. కుడి జేబులో పది చింతగింజలు వేసుకుని వంద మీటర్లకొకటి ఎడమ జేబులోకి మారుస్తాను. కిలోమీటరుకు జేబు ఖాళీ.

దారిలో గుంటో, దాటలేని బండో అడ్డం వస్తే డయల్ ముట్టుకోను. ఎర్ర కొన డయల్ మీది పడమర గుర్తు (270) మీద పడేలా తిరిగి నిలబడితే సరిగ్గా కుడికి తొంభై డిగ్రీలు తిరిగినట్టు. అలా 40 జంట అడుగులు వేసి, ఎర్ర కొన గూట్లో పెట్టి అడ్డం దాటేదాకా ముందుకు పోయి, తర్వాత ఎర్ర కొనను తూర్పు గుర్తు (90) మీద పెట్టి అవే 40 వెనక్కి లెక్కపెడితే పాత గీత మీదికి వస్తాను. అవతలి ఒడ్డు కనబడే చెరువైతే ఇదేమీ అక్కర్లేదు, అవతల గుర్తు చూసుకుని గట్టు చుట్టూ వెళ్లడమే.

తిరిగి బండి దగ్గరికి రావడంలో ఒక చిన్న యుక్తి ఉంది. బండి మట్టిరోడ్డు మీద ఉంటే నేను బండికే గురిపెట్టను. గురిపెట్టి వచ్చి రోడ్డెక్కాక బండి కనబడకపోతే కుడికి వెళ్లాలో ఎడమకో తెలియదు. ఒక్క డిగ్రీ తప్పుకు కిలోమీటరుకు 17 మీటర్లు, ఐదు డిగ్రీలకు 87. అందుకని కావాలనే పది డిగ్రీలు ఎడమకు గురిపెడతాను. రోడ్డు తగలగానే కుడికి తిరుగుతాను. కిలోమీటరులో 175 మీటర్లు అదనం, అంతకంటే నష్టం లేదు.

ఎక్కడున్నానో తెలియనప్పుడు మ్యాప్ మీద కచ్చితంగా గుర్తుపట్టగల మూడు చోట్లు కావాలి: గుడి గోపురం, కట్ట కొస, పేరున్న గుట్ట శిఖరం లాంటివి. సెల్ టవర్లు పాత షీట్లలో ఉండవు. ఒకదాని వైపు బాణం పెట్టి, డయల్ తిప్పి గూడును ఎర్ర కొన కిందికి తెస్తాను. మ్యాప్ మీద పలక ముందు మూలను ఆ గుడి మీద ఉంచి, ఈసారి డయల్ కాకుండా మొత్తం కంపాస్‌నే తిప్పి, అడుగు గీతలు ఉత్తర గీతలకు కలిసేలా చేసి, అంచు వెంట వెనక్కి గీత గీస్తాను. మూడు చోట్లకూ ఇలాగే. గీతలు ఒకే చుక్కలో కలవవు, చిన్న త్రిభుజం వస్తుంది, నేనుండేది దాని దగ్గర్లో. మూడు కిలోమీటర్ల దూరంలోని గుర్తుకు మూడు డిగ్రీల తప్పంటే నేల మీద 157 మీటర్లు, మ్యాప్ మీద మూడు మిల్లీమీటర్లు. త్రిభుజం అంతకంటే చాలా పెద్దదైతే ఏదో గుర్తును తప్పుగా పోల్చుకున్నట్టు. గుర్తులన్నీ ఒకే వైపు ఉన్నా త్రిభుజం సాగిపోతుంది. వాటి మధ్య కనీసం 60 డిగ్రీల ఎడం చూసుకుంటాను.

సరిగ్గా 180 డిగ్రీలు తిరిగిపోవడం కూడా జరుగుతుంది. మ్యాప్ మీద బాణం తిప్పి పెట్టినా, గూడు దక్షిణం వైపు ఉంచినా ముల్లు చక్కగా గూట్లోనే పడుతుంది, మనం మాత్రం ఎదురు దిక్కుకు నడుస్తాం. దీనికి సూర్యుడే సాక్షి. అయితే సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లోనే. డిసెంబరులో ఇక్కడ దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి వస్తాడు. మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందన్న సూత్రం కూడా ఏడాది పొడుగునా చెల్లదు. హైదరాబాద్ ప్రాంతంలో సుమారు మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మిట్ట మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది.

ఇంటికొచ్చాక పని తక్కువ, కానీ కంపాస్ ఎన్నాళ్లు బతుకుతుందన్నది దాని మీదే ఉంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు. డయల్ తిప్పుతూ అడుగున చేరిన ఇసుక కడిగేస్తాను. శానిటైజర్, స్పిరిట్, పెట్రోలు తగలనివ్వను, ప్లాస్టిక్ మీద సన్నటి వెంట్రుక పగుళ్లు వస్తాయి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు రాసుకున్న చేత్తో పట్టుకున్నా పలక మెత్తబడుతుంది, అంకెలు చెరుగుతాయి. పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే డబ్బీ మీద స్థిర విద్యుత్తు చేరి ముల్లు ఒకపక్కకు అంటుకుపోతుంది. చాలామంది కంపాస్ పాడైందనుకుంటారు; తడి వేలితో డబ్బీ మీద ఒకసారి రాస్తే వదులుతుంది.

ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం వదలకూడదు. చాలా కంపెనీలు 60 డిగ్రీల దాకానే హామీ ఇస్తాయి, మూసిన కారులో అద్దం కింద వేడి దాన్ని దాటుతుంది. ద్రవం వ్యాకోచించి అతుకు దగ్గర కారుతుంది, చల్లారాక ఆ ఖాళీలోకి గాలి చేరి బుడగవుతుంది. అయితే ప్రతి బుడగా పగులు కాదు. చలికి, ఎత్తుకు చిన్నది పుట్టి, కిందికి దిగి వెచ్చబడగానే పోతుంది. ఆరు మిల్లీమీటర్లు దాటినా, వారం వారం పెరుగుతున్నా, ముల్లును పట్టి లాగుతున్నా ఆ డబ్బీ అయిపోయినట్టే.

దాచేది చెక్క బీరువా అరలో, స్పీకర్, ఛార్జర్, ఫోను, ఇంకో కంపాస్ ఏవీ దగ్గర లేకుండా. అయస్కాంతం పక్కన నెలల తరబడి పడి ఉంటే ముల్లు తలకిందులవుతుంది, ఎర్ర కొన దక్షిణం చూపుతుంది. సరిచేయొచ్చు. మంచి కంపాస్ ఒకటి తెచ్చి, దాని ఎర్ర కొనను ఆకర్షించే అయస్కాంతపు ముఖం ఏదో గుర్తుపెట్టుకోవాలి. చెడిన కంపాస్‌ను బాగా ఒరగబెట్టి ముల్లు తిరగకుండా డబ్బీకి ఆనేలా చేసి, ఆ ముఖాన్ని ముల్లు మధ్య నుంచి ఎర్ర కొన వైపు రాస్తూ, కొన దాటాక ఎత్తేయాలి. పదిసార్లు చేసి, మంచి కంపాస్‌తో మీటరు ఎడంగా పెట్టి పోల్చాలి. ముల్లు మందకొడిగా తిరుగుతుంటే ఇంకో పది. ఇలా బాగుచేసినదాన్ని నేను రెండో కంపాస్‌గా సంచిలో వేసుకుంటానే గానీ మెడలో వేసుకోను. డబ్బీ నుంచి నూనె వాసన వస్తుంటే సంచిలో కూడా వద్దు. పిల్లలకు అయస్కాంత పాఠం చెప్పడానికి ఇచ్చేస్తాను.